అడ్వాన్సు ఎవరి సొమ్ము?

పారిశ్రామిక వాడ వచ్చాక చందనవెల్లి లాంటి ఊళ్ళో పొలం పోయినాయనకు కిరాయి గదే పంట. అందులో దిగిన కార్మికుడు పదకొండు నెలల కాగితం మీద సంతకం పెట్టి, పని పోయి నాలుగో నెలలోనే ఖాళీ చేశాడనుకుందాం. "రంగులకో నెల కిరాయి, ముందే పోతున్నందుకు ఇంకో నెలది పట్టుకుంటా" అంటాడు ఓనరు. అడ్వాన్సు చెల్లు.

రంగుల సంగతి తేలికే. గోడ మాయడం బతకడంలో భాగం, నెలనెలా కిరాయి కట్టింది దానికే కదా! 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం కూడా సహజమైన అరుగుదలను కిరాయిదారు మీద వేయలేదు. మేకులు కొట్టి పెచ్చులూడగొడితే అది వేరే లెక్క.

చిక్కంతా ఆ రెండో నెల దగ్గరే. మాట ఇచ్చి తప్పాడు, నిజమే. గది నెలంతా ఖాళీగా ఉంటే ఓనరు నష్టం అబద్ధం కాదు, బ్యాంకు కిస్తీ ఆగదు. కానీ మూడో రోజే కొత్తవాళ్ళు దిగితే? ఒకే గదికి, ఒకే నెలకి రెండు కిరాయిలు! 1872 కాంట్రాక్టు చట్టం 74వ సెక్షన్ ప్రకారం కాగితంలో రాసుకున్న మొత్తం పైహద్దు మాత్రమే, దక్కేది సబబైన పరిహారం. "సంతకం పెట్టావుగా" అన్నది జవాబు కాదంటాను. ఆనాడు అతనికి తలదాచుకునే చోటు కావాలి, బేరమాడే తీరిక లేదు. పైగా డబ్బు ఓనరు చేతిలోనే ఉంది. తగువు తీర్చేదీ, వసూలు చేసుకునేదీ ఆయనే. గది ఎన్ని రోజులు ఖాళీగా ఉందో కిరాయిదారుకి ఎవరు చెప్తారు? అప్పటికతను ఇంకో ఊరి బస్సెక్కేసి ఉంటాడు.