శాసనము, సహజీవనము

శాసనము మారినంతనే ధర్మము మారునా? 2013 అక్టోబరులో సూరతునగర వీధులలో స్వలింగ ప్రేమికులు ఊరేగింపుగా నడచిరి. రెండు నెలలకే సుప్రీంకోర్టు వారి సంబంధమును మరల నేరముగా నిలిపెను. 2018లో ఆ తీర్పును తానే త్రోసిపుచ్చెను. ఇంతలో ఆ మనుష్యులు మారలేదు.

ఇక వివాహమన్ననో, అది పార్లమెంటు నిర్ణయింపవలసిన విషయమని కేంద్రప్రభుత్వము వాదించెను. హైదరాబాదు వాసులిరువురును తదితరులును చేసిన వినతులపై 2023 అక్టోబరు 17న న్యాయస్థానమును అట్లే పలికెను. ఓట్ల లెక్కలో స్వల్పసంఖ్యాకులగు వారికి అచట ఆలస్యము తప్పునా?

వివాహము సంస్కారమనువారి మాట తేలికగా త్రోసివేయదగినది కాదు. కాని ముప్పదియేండ్లు ఒకే పొయ్యిపై వండుకొని, రోగములో ఒకరికొకరు సేవచేసిన యిరువురిలో ఒకరు వీలునామా లేక గతించినచో, రెండవవారు వారసత్వచట్టమునకు పరాయివారు. రేషనుకార్డు నిమిత్తము వారిని ఒకే కుటుంబముగా నెంచుడని 2024లో ప్రభుత్వమే రాష్ట్రములకు వ్రాసెను. అన్నమునకు ఒక యింటివారైనవారు మరణానంతరము రెండిండ్లవారెట్లగుదురు?