పరిహారం అడగడం పాపమా?



మన సంఘాల్లో కాయకష్టం చేసుకుని బ్రతికే కుటుంబాలే ఎక్కువ. కోలారు గనులకని, సోలాపూరు మిల్లులకని, ముంబయి కట్టడాలకని ఊరు విడిచి వచ్చినవారి పిల్లలం, మనుమలం మనం. సెంట్రింగు మీద నుంచి పడడం, యంత్రంలో వేలు నలగడం మనకు కొత్త సంగతులు కావు. అట్టి ఇంటికి పెద్దలుగా మేము వెళ్ళినప్పుడు, ప్రార్థన ముగిసిన తరువాత ఒక ప్రశ్న తరచుగా ఎదురవుతుంది: "వకీలు దగ్గరికి వెళ్ళమంటున్నారు. అన్నం పెట్టిన మేస్త్రి మీద కేసు వేయడం విశ్వాసికి తగునా?"

ఇది తేలికగా కొట్టివేయదగిన ప్రశ్న కాదు. ఇందులో మూడు సందేహాలున్నాయి గనుక ఒక్కొక్కటిగా ఆలోచిద్దాం.

మొదటిది కృతజ్ఞత. మేస్త్రి చాలాసార్లు మన ఊరివాడే, కొన్నిసార్లు మన బంధువే. అడ్వాన్సు ఇచ్చి పనికి తెచ్చాడు. ఆ మేలు మరువరాదు. అయితే పనిలో దెబ్బ తగిలినవానికి ఇచ్చేది దానధర్మం కాదు, పని చేయించుకున్నవాడు తీర్చవలసిన బాకీ. మన దేశంలో 1923లోనే దీనికి చట్టం వచ్చింది. 2025 నవంబరు 21 నుంచి ఆ ఏర్పాటు సామాజిక భద్రతా కోడ్‌లో భాగమైంది. కూలీలను కాంట్రాక్టరు తెచ్చినా, అసలు పని చేయించుకునే యజమాని కూడా బాధ్యుడే. పరిహారం అతని నుంచే కోరవచ్చు. చెల్లించాక కాంట్రాక్టరుతో తన లెక్క అతను చూసుకుంటాడు. గనుక పరిహారం అడిగితే చిన్న మేస్త్రి ఇల్లు కూల్చినట్టే అనుకోనక్కరలేదు.

రెండవది క్షమాపణ. సహోదరులు అన్యుల యెదుట వ్యాజ్యెమాడుట గూర్చి పౌలు కొరింథీయులను గద్దించిన మాట మనకు తెలుసు. యజమాని విశ్వాసియైతే ముందు పెద్దల సమక్షంలో కూర్చుని మాట్లాడడమే మంచిది. అయినా నిర్గమకాండము 21వ అధ్యాయం చూడండి. ఒకని గాయపరచినవాడు వానికి పని పోయిన కాలానికి సొమ్ము చెల్లించి, వానిని బాగుచేయించాలని అక్కడ ఉంది. క్షమించడమంటే మనసులో పగ తీసివేసుకోవడం. పిల్లల బడి ఫీజు, ఇంటి అద్దె వదులుకోవడం కాదు. తండ్రి తన బాధను క్షమించవచ్చును గాని, బిడ్డల అన్నాన్ని వారి తరఫున క్షమించే అధికారం అతనికి ఎక్కడిది?

రాజీ కుదిరినా సరే, ఆ ఒప్పందాన్ని పరిహారం నిర్ణయించే అధికారి వద్ద నమోదు చేయించాలి. ఈ హక్కును వదులుకుంటున్నట్టు ముందే రాయించుకున్న కాగితం చెల్లదు. మరణం సంభవిస్తే పరిహారాన్ని ఆ అధికారి వద్దే జమ చేయాలి. దినకర్మలప్పుడు చేతిలో పెట్టిన సొమ్ముతో బాధ్యత తీరిపోదు.

మూడవది దురాశ. ఎంతపడితే అంత అడగడానికి ఇది బేరం కాదు. వయస్సు, జీతం, పోయిన అవయవం చూసి కట్టే లెక్క. బొటనవేలు పూర్తిగా పోతే సంపాదన శక్తిలో నూటికి 30 వంతుల నష్టమని 1923 చట్టం పట్టికలో ఉంది. 2020 జనవరిలో లెక్కకు తీసుకునే నెల జీతం గరిష్ఠ పరిమితి 15,000 రూపాయలైంది. ఆ చట్టం ప్రకారం, అంత జీతం గల 40 ఏళ్ళ మనిషికి బొటనవేలు పోతే 4,97,259 రూపాయలు రావాలి. పది, ఇరవై వేలు చేతిలో పెట్టి, మనకు చదవరాని లిపిలో ఉన్న కాగితం మీద సంతకం పెట్టించుకోవడం ఎంత అన్యాయమో దీన్నిబట్టి గ్రహించవచ్చు.

దురాశ ఎక్కడ మొదలవుతుందంటే, అబద్ధం మొదలైనచోట. జీతం పెంచి చెప్పడం, ఇంట్లో తగిలిన దెబ్బను పనిలో తగిలిందనడం పాపమే. నిజానికి అబద్ధం అవసరం కూడా లేదు. యజమాని తప్పును మనం రుజువు చేయనక్కరలేదు. మనవాని వల్ల సాధారణమైన అజాగ్రత్త జరిగినా పరిహారం పోదు. త్రాగి ఉండడం, బుద్ధిపూర్వకంగా భద్రతా నియమాన్ని మీరడం వంటివాటి వల్ల కొన్ని సందర్భాల్లో హక్కు పోతుంది. అప్పుడు కూడా మరణానికి, శాశ్వతంగా పూర్తి అశక్తతకు ఆ అడ్డు వర్తించదు.

ఇక వకీలు మాట. ఆసుపత్రి గుమ్మంలోనే పట్టుకుని "వచ్చినదాంట్లో నూటికి ఇంత" అనే మధ్యవర్తులను నమ్మవద్దు. గెలుపు మీద ఆధారపడే ఫీజు గాని, వచ్చే సొమ్ములో వాటా గాని న్యాయవాది మాట్లాడుకోరాదని బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నియమం. ఇట్టి కేసులు ఇంతకుముందు నడిపారా అని అడగండి. ఫీజుకు రసీదు అడగండి. సంతకం పెట్టే ప్రతి కాగితం అర్థం చెప్పమనండి. అబద్ధం నేర్పే వకీలు మనకు వద్దు.

డబ్బు లేదని ఆగిపోవద్దు. 1995 నవంబరు 9న అమలులోకి వచ్చిన న్యాయ సేవల చట్టం క్రింద పరిశ్రమల కార్మికులకు, స్త్రీలకు, వికలాంగులకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచితంగా వకీలును ఇస్తారు. ఇందుకు కుల ధ్రువపత్రం అక్కరలేదు. జిల్లా కోర్టు ఆవరణలోని న్యాయ సేవాధికార సంస్థలో అడగవచ్చు. ఇ.ఎస్.ఐ. కార్డు ఉన్నవారు మాత్రం ముందు ఆ కార్యాలయానికే వెళ్ళాలి. వారికి పరిహారం అక్కడి నుంచే వస్తుంది.

కాలం కూడా చూసుకోవాలి. యజమానికి వీలైనంత త్వరగా తెలియజేయాలి. రెండేళ్ళలోపు దరఖాస్తు పెట్టాలి. ప్రమాదం జరిగిన ఊళ్ళోనే కాక, బాధితుడు నివసించే చోట కూడా దరఖాస్తు పెట్టవచ్చు గనుక దూరం అడ్డం కాదు.

చివరిగా సంఘాలకు ఒక మనవి. ప్రమాదం జరగగానే మనం చందా పోగుచేస్తాం. అది మంచిదే. ఆ పూటకు బియ్యం, మందులు కావాలి కదా. కాని అక్కడితో ఆగిపోతే యజమాని తీర్చవలసిన బాకీని పేద విధవరాలి కానుకతో మనమే తీర్చినట్టవుతుంది. చందాతో పాటు ఒక మనిషిని కూడా పంపుదాం. ఇక్కడి భాష చదువుకున్న మన యువకులు కాగితాలు చదివి పెట్టగలరు. ప్రమాదం జరిగిన తేదీ, చోటు, చూసినవారి పేర్లు, ఆసుపత్రి చీటీ మొదటి రోజే వ్రాసి భద్రపరచగలరు. గాయపడినవాని ప్రక్కన కార్యాలయం మెట్లు ఎక్కడం కూడా పరిచర్యేనని మేము నమ్ముతున్నాం.