విమలనాథ స్వామి లాంఛనము

పదుమూడవ తీర్థంకరులగు శ్రీ విమలనాథ స్వామివారి పీఠముపై చిన్న వరాహము చెక్కబడి యుండుట శ్రావకు లెల్లరును చూచియే యుందురు. కాంపిల్యమున జన్మించిన ఆ స్వామికి సింహమో గజమో గాక పంది లాంఛన మేల యని పిల్లలు అడుగుట గలదు. పెద్దలు నవ్వి ఊరకుందురు. బురదలో పొర్లు జంతువని లోకము దానిని చులకన చేయును గాని, జినాలయమున నట్టి చులకనకు చోటు లేదు. అదియు పంచేంద్రియములు గల తిర్యంచ జీవియే.

ఆ జాతి యంతటిలో చిన్నది అస్సాము దేశమున, హిమాలయ పాదమున, మానస అడవి ప్రాంతపు ఎత్తైన గడ్డిలో నున్నది. నిలువెత్తు సుమారు 25 సెంటీమీటర్లు, అనగా జానెడు కంటె కొంచెము హెచ్చు. తూకము 6 మొదలు 10 కిలోలు. తోక అంగుళ మాత్రమే. అచ్చటివారు దీనిని నల్‌గాహరి, అనగా రెల్లుపంది, యందురు. దుంపలు, వేళ్లు, చిగుళ్లు, పురుగులు దీని యాహారము. మగదియు ఆడదియు కూడ మూతితో నేలను గుంట చేసి, గడ్డి నోట కరచి తెచ్చి పరచి, పైన గడ్డితోనే కప్పు వేసికొనును. ఆ గూటిలోనే ఏడాది పొడుగునను నిద్ర. వానలకు ముందు ఈనును. పిల్ల పుట్టినపుడు 200 గ్రాములకు మించదు. గృహస్థుడు ఇల్లు కట్టుకొన్నట్లే యున్నది గదా!

1847లో హాడ్జ్‌సన్ అను ఆంగ్లేయుడు దీనిని శాస్త్రలోకమునకు తెలిపెను. ఒకప్పుడు ఉత్తరప్రదేశపు తెరాయి మొదలు నేపాళము, ఉత్తర వంగము మీదుగా అస్సాము వరకు నుండెడిది. తరువాత నశించినదనియే తలచిరి. 1971లో బర్నాది ప్రాంతమున గడ్డి అంటుకొనగా, మంటకు వెఱచి కొన్ని పందులు ప్రక్క తేయాకు తోటలోనికి పరుగెత్తి వచ్చినవి. వాటి యిల్లు కాలినపుడు గాని వాటి యునికి లోకమునకు తెలియలేదు.

పంటపొలములు, పశువుల మేత కూడ వాటి చోటును హరించినవి. కాని నిప్పు సంగతి శ్రావకులు ప్రత్యేకముగా చెవిని పెట్టవలసినది. ఎండకాలమున క్రొత్త చిగురు వచ్చుటకై గడ్డిని తగులబెట్టుదురు. శ్రావకునకు నిషిద్ధములైన పదునైదు కర్మాదానములలో దవదానము, అనగా అడవికి నిప్పు పెట్టుట, ఒకటి. మనము అగ్గిపుల్ల గీయలేదు గదా యని వర్తకు డనవచ్చును. కృత, కారిత, అనుమోదనములు మూడును లెక్కకు వచ్చునని తెలిసినవాడు, తన సరుకు ఏ నేల నుండి, ఏ విధమున వచ్చినదో ఒక్కసారి యడుగకుండునా?

ఇందులో నొక చిక్కు గలదు. ఆ గడ్డిని ఎన్నడును కాల్చకున్న పొదలు, చెట్లు క్రమ్మి గడ్డిభూమియే పోవును. అందుచే కొద్ది కొద్ది భాగములుగా, వేళ యెఱిగి కాల్చవలెనని తెలిసినవారి మతము. ఈ ప్రశ్నకు తొందరపడి తీర్పు చెప్పరాదు. అయినను, అజాగ్రత్తతో ప్రాణము తీయుట హింసయని ధర్మము చెప్పునపుడు, జీవులు తప్పించుకొన చోటు విడిచి చేయు పనికిని, అడవి యంతయు నొకేసారి అంటించు పనికిని తేడా స్పష్టమే.

1995లో డరెల్ సంస్థయు, అస్సాము అటవీశాఖయు మఱికొందరితో కలిసి దీని రక్షణకు పూనుకొనిరి. 1996లో మానసలో పట్టిన ఆరు పందులతో గౌహతి వద్ద బసిష్ఠలో పెంపకము మొదలైనది. 2008లో పదునారింటిని సోనాయి రూపాయి అడవిలో విడిచిరి. పిమ్మట ఓరాంగ్, బర్నాది, మానసలలోను విడిచినారు. ఈ పంది యొంటిపైననే బ్రతుకు పేను ఒకటి కలదు. పంది పోయిన అదియు పోవును. త్రీంద్రియ జీవి కావున ప్రతిక్రమణమున మనము క్షమాపణ కోరు వారిలో అదియు చేరినదే.

మన పాంజరాపోలులో జీవిని చేరదీసి చివరివఱకు పోషింతుము. అచ్చటి పద్ధతి వేఱు. విడుచుటకు ముందు పందులను నమేరి అడవి చెంత పొటాసాలిలో, గడ్డి పెంచిన ఆవరణమున కొన్ని నెలలుంచి, మనుష్యుల పొడ వీలైనంత తగ్గింతురు. పెంచినవారే దూరముగ నుందురు. తరువాత ఒకనాడు తలుపు తెరతురు. అవి గడ్డిలోనికి పోవును.