దాగియున్న నాలుగు కండరములు



తెలుగువారి మాటలలో భుజమునకు గొప్ప చోటున్నది. ఒక పనికి పూచీపడినవానిని చూచి "ఆ భారము తన భుజముమీద వేసికొన్నాడు" అందుము. బాగుగా పని చేసినవాని భుజము తట్టుదుము. గుమ్మడికాయల దొంగ అనగానే భుజములు తడిమికొన్నవాని సంగతి పిల్లలకు సహితము తెలియును. అయితే భుజములో బరువు నెత్తునది ఏది, ఆ యెత్తుదానిని నిలబెట్టునది ఏది అని ఎప్పుడైన యోచించితిరా? ఇది వైద్యులకు మాత్రమే చెందిన ప్రశ్న కాదు. పొరుగువానిమీద మనము చెప్పు తీర్పు కూడ దీనితో ముడిపడి యున్నది.

హైదరాబాదునకు వెళ్లినవారు చార్మినారు చూడక తిరిగి రారు. అక్కడనుండి దక్షిణముగా నడచినయెడల శాలిబండ వచ్చును. పాత గడియారపు స్తంభమున్న బజారు అది. బస్తాలు మోయు హమాలీలకు, తోపుడు బండ్లవారికి, గోడలకు సున్నము వేయువారికి అట్టి వీధులలో భుజమే జీవనాధారము. మీ ఊరిలో వరి మోపు ఎత్తు భుజమునకును, ఆ భుజమునకును భేదము లేదు. అట్టి పనివాడొకడు ఒక దినమున చేయి పైకెత్తలేకపోయెననుకొనుడి. వాపు లేదు, గాయము లేదు, భుజపు కండ గుండ్రముగానే యున్నది. మేస్త్రీ ఏమనును? "మనిషి దిట్టముగానే ఉన్నాడు, పనికి ఒళ్లు వంగదు" అనును. కొన్నాళ్లకు ఇంటివారును అట్లే అనుకొందురు. ఈ మాట న్యాయమేనా?

తీర్పు చెప్పకముందు భుజము ఎట్లు కట్టబడినదో చూతము. తుంటి కీలు లోతైన గిన్నెలో కూర్చున్న బంతివంటిది. అది సుళువుగా జారదు, గాని అన్ని వైపులకు తిరుగదు. భుజము అట్లు కాదు. రెక్క ఎముక అంచుననున్న గిన్నె చిన్నది, లోతు లేనిది. చేతి ఎముక తల దానికి ఆనియుండుట పళ్లెములో నిమ్మకాయ పెట్టినట్లుండును. బంతిలో మూడవ వంతైనను ఒకేసారి గిన్నెకు తగులదు. అందుచేతనే చేయి అన్ని దిక్కులకు తిరుగుచున్నది. అందుచేతనే పెద్ద కీళ్లన్నిటిలో భుజమే ఎక్కువగా తొలగుచున్నది.

పైకి కనబడు కండ పేరు డెల్టాయిడ్. భుజమునకు గుండ్రని రూపమిచ్చునది అదే, చేయి ఎత్తునది చాలవరకు అదే. దాని అడుగున, ఎవరికిని కనబడక, రెక్క ఎముకనుండి బయలుదేరు నాలుగు చిన్న కండరములున్నవి. పైన సుప్రాస్పినేటస్, వెనుక ఇన్‌ఫ్రాస్పినేటస్, టీరెస్ మైనర్, ముందు సబ్‌స్కాపులారిస్. పేర్లు మరచినను నష్టము లేదు. వాని కొసలు గట్టి పట్టీలుగా మారి, చొక్కా చేతి పట్టీవలె బంతిని చుట్టుకొనియున్నవి. ఈ నాలుగింటిని కలిపి వైద్యులు రొటేటర్ కఫ్ అందురు.

డెల్టాయిడ్ చేతిని ఎత్తబోయినప్పుడు బంతిని నిలువుగా పైకి లాగును. ఆ క్షణముననే ఈ నాలుగును బంతిని గిన్నెలోనికి అదిమి పట్టును. ఆ పట్టు ఉన్నందుననే లాగుట ఎత్తుటగా మారుచున్నది. పొడవైన నిచ్చెనను గోడకు నిలబెట్టుట మీరు చూచినదే. ఒకడు దాని అడుగు త్రొక్కి పట్టవలెను, మరియొకడు లేపుకొని రావలెను. త్రొక్కువాడు లేనియెడల నిచ్చెన జారునే గాని నిలువదు. వట్టి చేయి ప్రక్కకు చాచినంతనే కీలుమీద పడు ఒత్తిడి మనిషి బరువునకు దగ్గరగా ఉండునని 1978లో పాపెన్, వాకర్ అనువారు లెక్క కట్టిరి. ఇక బస్తా ఎత్తువాని సంగతి చెప్పనేల?

వయసుచేతను, ఏండ్ల తరబడి బరువులెత్తుటచేతను ఆ పట్టీలు అరిగి చినుగును. పెద్ద చినుగు పడినప్పుడు డెల్టాయిడ్ బలము పోదు. అయినను పట్టువారు లేరు గనుక, అది లాగిన కొలది బంతి పైకి జరిగి పై ఎముకకు రాచుకొనును. తుదకు కీలే పాడగును. అమెరికా వైద్యుడైన చార్లెస్ నీర్ 1983లో ఈ వ్యాధిని వివరించెను. కావున మేస్త్రీ కంటితో చూచినది నిజమే. కండ నిండుగానే యున్నది. అతడు చెప్పిన తీర్పు మాత్రము అబద్ధము.

పాతబస్తీలో ఎముకలు సరిచేయు పహిల్వానులును, రాయలసీమ వైపున పుత్తూరు కట్టును ప్రసిద్ధములు. వారిమీద జనులకు నమ్మకమున్నది. గాని చినిగిన పట్టీ మర్దనతో అతుకదు. అన్ని చినుగులకు కోత అవసరము లేదు. వ్యాయామముతోనే చాలమందికి మేలగును. అయితే పెద్ద చినుగును ఏండ్ల తరబడి విడిచిపెట్టినయెడల ఆ చిన్న కండరములు క్షీణించి క్రొవ్వుగా మారును, అప్పుడు కుట్టుటకును వీలుండదు. కావున వారాల తరబడి చేయి లేవనివాడు ఎముకల వైద్యునికి చూపించుకొనవలెను. శాలిబండలోనే ప్రిన్సెస్ ఎస్రా ఆసుపత్రి యున్నది. పంజగుట్టలోని నిమ్స్ మొదట ఎముకల వైద్యశాలగానే పుట్టినది.

కీలు పాడైన తరువాత ఏమి చేయుదురు? ఇట్టి కోతలకు ముందుగా నొప్పి తెలియని నిద్ర కావలెను. క్లోరోఫారమును పరీక్షించిన కమీషన్లు 1888, 1889లలో హైదరాబాదులోనే, నిజాము పోషణలో, ఎడ్వర్డ్ లారీ పూనికతో జరిగినవి. తరువాత 1893లో పారిస్ నగరమున పీయాన్ అను వైద్యుడు, క్షయచేత కీలు చెడిన 37 ఏండ్ల రొట్టెలవానికి ప్లాటినముతోను రబ్బరుతోను చేసిన భుజమును అమర్చెను. అదియు కష్టజీవి భుజమే. సుమారు రెండేండ్లకు చీము పట్టుటచేత దానిని తీసివేయవలసివచ్చెను. 1950ల నాటికి నీర్ లోహపు బంతిని అమర్చుచుండెను. అది అనేకులకు మేలు చేసెను. గాని ఆ నాలుగు కండరములు పోయినవారిలో క్రొత్త బంతియు పాతదానివలెనే పైకి జారెను.

అప్పుడు 1985లో ఫ్రాన్సు దేశపు డిజోన్ నగరమున పాల్ గ్రామోన్ అను వైద్యుడు చోట్లు మార్చెను. గిన్నె ఉన్నచోట బంతిని, బంతి ఉన్నచోట గిన్నెను పెట్టెను. దానితో చేయి తిరుగు కేంద్రము లోపలికిని, చేతి ఎముక క్రిందికిని జరిగెను. డెల్టాయిడునకు పొడవైన మీట దొరికినట్లాయెను. పట్టు కండరములు లేకున్నను చేయి లేచెను.

అట్లయిన చిన్నవారు అక్కరలేదా? అక్కర ఉన్నది. వెనుకటి కండరములు పూర్తిగా పోయినవానికి చేయి లేచినను దానిని బయటికి త్రిప్పుట కష్టము. కోత తరువాత నెలల తరబడి వ్యాయామము చేయవలెను. బరువుల విషయములో వైద్యులు హద్దు పెట్టుదురు. తల దువ్వుకొనుట, ముద్ద నోటికి చేర్చుకొనుట, నొప్పి లేక నిద్రపోవుట సాధారణముగా తిరిగి వచ్చును. బస్తా మోయుట తిరిగి రాదు. కాబట్టి వైద్యుడు తన పని ముగించిన తరువాత మన పని మొదలగును. అంతవరకు మోసినవానిని ఇప్పుడు ఎవరు మోయుదురు?

ఇక్కడ మనమందరము భుజములు తడిమికొనవలసినదే. ఏ యింటిలోనైనను ఎత్తువాని పేరే వినబడును. కొడుకు సంపాదించి ఇల్లు నిలబెట్టెనందుము. వాడు లేవకముందే పొయ్యి వెలిగించిన తల్లిని లెక్కింపము. సంఘములో బోధించినవానిని ఎరుగుదుము. చాపలు పరచినవారిని, దీపములో నూనె పోసినవారిని ఎరుగము. వారు అలసిన దినమున బలవంతుడు మునుపటివలెనే లాగును. ఆ లాగుటచేతనే ఇల్లు నలుగును. మరింత బలమైనవానిని తెచ్చినందువలన ఇది బాగుపడదు. పట్టుకొనియున్నవారిని చినుగకముందే చూచుకొనవలెను.

అది దాటిపోయినయెడల చోట్లు మారుటకు సిద్ధపడవలెను. మోసినవాడు మోయబడవలెను, మోయబడినవాడు మోయవలెను. ఇది ఇద్దరికిని కష్టమే. తండ్రికి సిగ్గు, కొడుకునకు విసుగు. తప్పిపోయిన గొఱ్ఱెను కాపరి భుజములమీద వేసికొని వచ్చిన ఉపమానము మీరెరుగుదురు. ఆ గొఱ్ఱె మోయబడినందుకు ఎవరును దానిని నిందింపలేదు.

మీ ఊరిలో దిట్టముగా కనబడుచు పనికి రానివాడొకడుండవచ్చును. వానిని సోమరి అనకముందు, చేయి ప్రక్కకు చాచి పైకెత్తుమని నెమ్మదిగా అడుగుడి. ఎత్తలేకపోయినయెడల బస్సు ఖర్చులు చూచుకొని ఆసుపత్రికి వానితో తోడు వెళ్లుడి. వాడు తిరిగి వచ్చువరకు వాని పొలము పనిని నలుగురు పంచుకొనుడి.