ఫిర్యాదులు: నిల్

ఏటా మా కాలేజీ అంతర్గత ఫిర్యాదుల కమిటీ ఒక నివేదిక ఇస్తుంది. పనిచేసే చోట లైంగిక వేధింపుల గురించి 2013లో వచ్చిన చట్టం ప్రకారం, ఎన్ని ఫిర్యాదులు వచ్చాయో, ఎన్ని పరిష్కారమయ్యాయో అందులో రాయాలి. మాది చాలా ఏళ్లుగా ఒక్క మాట నివేదిక: "నిల్". ఆ కాగితం చూసి సంతోషించేవాళ్లే ఎక్కువ. శాఖ బాధ్యత నా చేతికొచ్చినప్పటి నుంచి నాకు మాత్రం ఒకటే సందేహం. ఎవరూ ఏమీ అనకపోవడమంటే అంతా బాగున్నట్టేనా?

ఇంటి విషయంలో దీనికి మనం ఎప్పుడో జవాబు చెప్పుకున్నాం. పదేళ్లుగా కోడలు నోరెత్తని ఇంటిని మనలో ఎవరమూ ప్రశాంతమైన ఇల్లు అనం. మరి ఆఫీసులో "మనదంతా ఒకే కుటుంబం" అనే మాట వినగానే ఎందుకు మురిసిపోతాం? కుటుంబమన్నాక పెద్దలుంటారు, సర్దుకుపోయేవాళ్లుంటారు, జీతం గురించి అడగడం మర్యాద కాదు. ఈ పోలిక వాడేది దాదాపు ఎప్పుడూ ఇంటిపెద్ద కుర్చీలో ఉన్నవాళ్లే, గమనించారా?

మా శాఖలో ఐదుగురు గెస్ట్ లెక్చరర్లు. నలుగురు ఆడవాళ్లు. పాఠం చెప్పిన గంటలకే డబ్బు, వేసవిలో అదీ లేదు. మళ్లీ జూన్‌లో తీసుకోవాలా వద్దా అనే కాగితం మీద సంతకం నాది. "ఇబ్బందులేమైనా ఉన్నాయా?" అంటే "ఏం లేవు మేడమ్" అంటారు. దాన్ని అబద్ధమనలేను. అడుగుతున్నదెవరో తెలిసి ఇచ్చిన జవాబు అది. టీ తెప్పించి, ఎంత మెత్తగా అడిగినా ఆ సంతకం నా చేతిలోనే ఉంటుంది. మంచితనం వల్ల అధికారం తగ్గదు, కాస్త కనబడకుండా పోతుందంతే.

అందుకని అడగడం తగ్గించి చూడడం మొదలుపెట్టాను. ఎవరు ఎవరిని "నువ్వు" అంటున్నారు? మా దగ్గర ఊడ్చే ఆమెకి అరవై దగ్గరపడుతున్నాయి. పాతికేళ్ల లెక్చరర్ కూడా "ఏయ్, ఇటు రా" అనేవాడే. ఆమెకి అందరూ సార్లూ మేడమ్‌లే. ఐదింటికి మొదలయ్యే మీటింగులోంచి ముందుగా లేచేది పిల్లలున్న ఆడవాళ్లు. అసలు నిర్ణయాలు వాళ్లు వెళ్లాకే జరుగుతాయి. ఆడవాళ్ల మరుగుదొడ్డి తాళంచెవి పర్మినెంటు ఉద్యోగుల బీరువాలో ఉంటుంది. ఇవేవీ ఫిర్యాదు పుస్తకంలోకి ఎక్కవు. ఎక్కినా ఏ సెక్షన్ కింద రాస్తారు?

మారినవి చిన్నచిన్నవే. మీటింగులు మూడింటికి. తాళంచెవి గోడ మేకుకి. గెస్ట్ లెక్చరర్ల కొనసాగింపు నా ఒక్కదాని మాట మీద కాకుండా, ముగ్గురు కూర్చుని కారణం కాగితం మీద పెట్టే పద్ధతి. కమిటీలోని బయటి సభ్యురాలి ఫోన్ నంబరు మరుగుదొడ్డి తలుపుకి లోపలి వైపు. నోటీసు బోర్డు ముందు నిలబడి నంబరు రాసుకునే ధైర్యం ఎందరికుంటుంది? దీన్ని చూసి ఒక సీనియర్ "కాలేజీ పరువు" అన్నారు. ఊడ్చే ఆమెని "మీరు" అనడం మాత్రం ఇంకా కుదరలేదు. నేనంటే ఆమే నవ్వుతుంది.

"ధైర్యంగా మాట్లాడండి" అని వేదికల మీద చెప్పేవాళ్లని చూస్తే నాకు భఁవరీదేవి గుర్తొస్తుంది. రాజస్థాన్‌లో భటేరీ అనే ఊరామె. ప్రభుత్వ మహిళాభివృద్ధి కార్యక్రమంలో సాథిన్. బాల్యవివాహాన్ని ఆపాలని చూసినందుకు 1992లో ఆమె మీద సామూహిక అత్యాచారం జరిగింది. ఆమె చేసింది ప్రభుత్వం అప్పగించిన పనే. 1995లో కింది కోర్టు నిందితుల్ని అత్యాచార నేరం నుంచి వదిలేసింది. ఆ ఘటన తర్వాత మహిళా సంఘాలు సుప్రీంకోర్టుకి వెళ్లడం వల్ల 1997లో విశాఖ తీర్పు, ఆ తర్వాత పదహారేళ్లకి చట్టం వచ్చాయి. మన కమిటీలన్నిటికీ మూలం ఆమె నోరు విప్పడమే. ఖరీదు కట్టింది ఆమె, నివేదికలు రాసుకునేది మనం. పైకుర్చీలో ఉన్నవాళ్లు ముందు ఆ ఖరీదు తగ్గించే పని చెయ్యాలి. ధైర్యం నూరిపొయ్యడం తర్వాత సంగతి.

ఈ ఏడాది మా శాఖ నుంచి రెండు ఫిర్యాదులు వెళ్లాయి. "ఇన్నేళ్లు లేనిది మీ హయాంలోనే ఎందుకొచ్చాయి?" అని పైవాళ్లు అడిగారు. వచ్చే దారి ఇప్పుడుంది కాబట్టి, అన్నాను. వాళ్లకి నచ్చలేదు. విచారణ తొంభై రోజుల్లో పూర్తి కావాలి. వివరాలు బయటపెట్టడానికి చట్టం ఒప్పుకోదు కనుక అంతకుమించి రాయడం లేదు.