నీలి టిక్కు, గిల్టు గాజు

చిన్నోడా,

సంక్రాంతికి వచ్చినప్పుడు నువ్వు చెప్పిన ముచ్చట తలుచుకుంటే నాకిప్పటికీ నవ్వొస్తాంది. 2024 మే నెలలో గూగుల్ వాళ్లు వెతికినవాటిలో కొన్నిటికి పైన కృత్రిమ మేధతో జవాబు రాయించడం మొదలుపెట్టినారు. పిజ్జా మీద చీజు నిలవడం లేదని అడిగితే సాసులో కాస్త జిగురు కలపమనిందంట. విషం లేని జిగురే కలపాలంట, అంతవరకూ జాగ్రత్త చెప్పింది మహాతల్లి! ఇంకొకరికేమో రోజుకొక చిన్న రాయి తినడం మంచిదని చెప్పింది. మీ జేజి అది విని, "రాళ్లకు మనకేం కరువురా, ఎర్రగుంట్ల కాడ్నుంచి యాడ తవ్వినా నాపరాళ్లే గదా, మనమే కోటీశ్వరులం" అనింది.

ఆ జిగురు మాట అప్పటికి పదకొండేళ్ల కింద ఎవరో రెడ్డిట్‌లో ఎగతాళికి రాసింది. రాయి మాట 'ది ఆనియన్' అనే వేళాకోళం పత్రికది. రెండిట్నీ ఆ యంత్రం నిజమనుకునింది. మన వీధి అరుగు మీద కూర్చుని ఒకడు కోతలు కోస్తాంటే, వాని మీసం కింద కదిలే నవ్వు చూసి, కోతని మనకు తెలిసిపోతాది. పాపం దానికి అరుగు లేదు, మీసం కనపడదు.

దాని మీద అంత నవ్వినోడివి, ఊరికి పోయిన వారానికే మన ఇంటి గ్రూపులో ఏం పెట్టినావు? బంగారం సుంకం ఎత్తేస్తాండారు, తులం ధర సగానికి పడిపోతాదని. నేను అడిగితే, "నీలి టిక్కు ఉండే అకౌంటు జేజినాయనా" అన్నావు. మీ మేనత్త అది నమ్మి పెండ్లి నగలు కొనేది పది దినాలు ఆపింది. ఆ పది దినాల్లో ధర ఎటు పోయిందో ఆమెనే అడుగు. నన్ను అడగబాకు, నేను ఇంకా ఆ ఇంట్లో భోజనం చేయాల.

తిట్టడానికి రాయడంలా. రెండో బొంబాయి అని పేరుబడిన ఈ ప్రొద్దుటూరు బంగారు అంగళ్లలో నలభై ఏండ్లు గుమాస్తాగా కూర్చున్నోణ్ణి గదా, ఒక పని నీకు చూపించాలని రాస్తాండా.

ఎవరన్నా పాత గాజు తెచ్చి కుదువ పెట్టుకోమంటే మేం ముందు ఒరగల్లు తీస్తాం. నల్లరాయి, అరచేతిలో పట్టేంతది. గాజును దాని మీద గీస్తే పచ్చగా గీటు పడతాది. పక్కనే మచ్చు బంగారంతో ఇంకో గీటు. రెండిటి మీదా ఒక్కో చుక్క యాసిడ్ పెట్టి చూస్తాం. రాగో ఇత్తడో అయితే గీటు బుస్సుమని మాయమైపోతాది. బంగారం అట్లే నిలబడతాది. ఇదంతా నీకు తెలిసిందే. తెలియంది ఒకటుంది. గిల్టు గాజు ఈ పరీక్షలో పాసైపోతాది! పైపూత బంగారమే గదా, రాయి దాన్నే చదువుతాది. అందుకే మా షావుకారి చేతిలో ఎప్పుడూ చిన్న ఆకురాయి ఉండేది. గాజు లోపలి వైపు, కంటికి కనపడని చోట, సన్నంగా గాటు పెట్టి, ఆ గాటును ఒరగల్లు మీద గీసేవాడు. గాటు పెట్టొద్దని ఎవరన్నా గోలచేస్తే సగం జవాబు అక్కడే దొరికేది.

ఇప్పుడు ముద్రల కాలం. 2023 ఏప్రిల్ 1 నుంచి హాల్‌మార్కు నగ మీద అంకెలు, అక్షరాలు కలిసిన ఆరు గుర్తుల నంబరు ఉండి తీరాల. బీఐఎస్ కేర్ అనే యాప్‌లో ఆ నంబరు కొడితే నగ యాడ పరీక్షకు పోయిందో చెప్తాది. ఆ ముద్రను నెలకింతని ఎవరికి పడితే వాళ్లకు అమ్మితే మన బజారు ఏమవుతాది?

ట్విట్టరులో అదే జరిగింది. ఎలాన్ మస్క్ దాన్ని కొన్న కొత్తలో, 2022 నవంబరులో, నెలకు 8 డాలర్లు కట్టినోళ్లకు నీలి టిక్కు ఇచ్చేసినారు. ఎవడో ఎలై లిల్లీ అనే మందుల కంపెనీ పేరు పెట్టుకుని, టిక్కు కొనుక్కుని, ఇన్సులిన్ ఇకమీద ఉచితం అని రాసినాడు. అసలు కంపెనీ లోకానికి క్షమాపణ చెప్పుకునింది. మరుసటి దినం దాని షేరు పడింది. నాలుగు నెలలకు, 2023 మార్చిలో, అదే కంపెనీ ఎక్కువ మంది వాడే ఇన్సులిన్‌ల ధర 70 శాతం తగ్గిస్తామని ప్రకటించింది. దానికీ దీనికీ ముడి పెట్టను గానీ, చక్కెర రోగిని కాబట్టి ఆ కొంటె నాయాల మీద నాకు పెద్ద కోపం రాలా.

నేనేమన్నా తక్కువ తిన్నానా? 2016 నవంబరులో 2000 నోటు వచ్చినప్పుడు, అందులో చిప్పు ఉందని, భూమిలో పాతిపెట్టినా ఉపగ్రహానికి కనపడతాదని అందరికీ పంపినోణ్ణి నేనే. పైగా అంగట్లో రవ్వలు చూసే భూతద్దం కంటికి పెట్టుకుని, దీపం కింద నోటు పరిచి, అరగంట వెతికినా. ఆ చిన్న గీతే చిప్పని పక్కంగడి ఆచారికి చూపిచ్చినా గూడా. ఆయనా చూసి అవునన్నాడు! చిప్పు మాట దేవుడెరుగు, 2023 మేలో ఆ నోటునే వెనక్కి తీసుకునేశారు.

ఇక బ్రహ్మంగారి సంగతి. మఠం మన జిల్లాలోనే ఉంది కాబట్టి ఆయన మీద మనకు హక్కు ఎక్కువ. కోడి వింత గుడ్డు పెట్టినా, వేపచెట్టుకు పాలు కారినా, కాలజ్ఞానంలో ముందే ఉందని పొద్దునకల్లా పద్యం తయారు. 2020లో కరోనాకూ ఒకటి తిరిగింది. ఏ పుస్తకం, ఎన్నో పుట అని గ్రూపులో అడిగినా. ఎనిమిది మంది దండాలు పెట్టే చేతుల బొమ్మ పంపినారు. పుట నంబరు మాత్రం ఒక్కరూ పంపలా.

ఇట్లాంటివి తిరిగితే తిరగనీ, నవ్వుకోవచ్చు. 2018 వేసవిలో మాత్రం నవ్వులాట కాలేదు. పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు దిగినాయని రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఫోన్లు మోగిపోయినాయి. దారి తప్పినోళ్లను, బిచ్చమెత్తుకునేటోళ్లను పట్టుకుని కొట్టినారు. ప్రాణాలు పోయినాయి. దేశమంతా అట్లనే జరిగినాక, ఆ జులైలో వాట్సాప్ మన దేశంలో ఒక మాటను ఒకేసారి ఐదు చోట్లకు మించి పంపకుండా కట్టడి పెట్టింది. ఆ పంపినోళ్లంతా నీ మాదిరి, నా మాదిరి మంచోళ్లే నాయనా. పక్కింటి పిల్లోళ్లు బాగుండాలనే పంపినారు.

అందుకని, నువ్వు వింతలు చదవడం మానుకోబాకు. మాకు చెప్పడమూ మానుకోబాకు, మీ జేజికి సీరియళ్ల కంటే నీ ముచ్చట్లే ఇష్టం. ఇంటి గ్రూపులో పెట్టేటప్పుడు మాత్రం ఆకురాయి తీసి లోపలి వైపు ఒక గాటు పెట్టు. టిక్కును చూడబాకు. ఎవరు మొదట అన్నారు, ఎప్పుడు అన్నారు, నవ్వుతా అన్నారా, అడుగు.

దసరాకు తప్పకుండా రా. మన ఊరి అమ్మవారిశాల గుడి దీపాలు చూసి రెండేండ్లాయె నువ్వు.

ఇంకొకటి. రాత్రి నీకొక వీడియో పంపినా. గండికోట లోయలో ఏడు తలల పాము. మీ జేజి ఫోనుకే కర్పూరం వెలిగిస్తాంటే ఆపినా. నేను మూడుసార్లు లెక్కబెట్టినా, ఆరు తలలే వస్తాండాయి. అద్దాలు మార్చాలేమో. నువ్వొకసారి లెక్కబెట్టి చెప్పు.