పొరుగువాని సమ్మతి

పుదుచ్చేరి పట్టణమున ఇందిరానగర్‌లో, జిప్మర్ వైద్యసంస్థకు చేరువగా, భారత వైద్య పరిశోధన మండలికి చెందిన ఒక కేంద్రమున్నది. రోగములను మోసికొనిపోవు కీటకములను అదుపుచేయు మార్గములను వెదకుటకై 1975లో అది స్థాపింపబడెను. 2022 జూలైలో అచ్చటి శాస్త్రజ్ఞులు తమ కొన్నియేండ్ల శ్రమఫలమును ప్రకటించిరి. డెంగీ జ్వరమును వ్యాపింపజేయు దోమలలో రెండు క్రొత్త సంతతులను వారు పెంచిరి. ఈ దోమలు మనుష్యులను కుట్టును, గ్రుడ్లు పెట్టును, అన్ని విధముల దోమలే. అయితే వీటి దేహమందు డెంగీ వైరస్ సులభముగా వృద్ధిపొందజాలదు. వీటిని ఊరిలో విడిచినయెడల కొంతకాలమునకు ఊరి దోమలలో అధికభాగము ఇట్టివే కావచ్చును. విడుచుటకు ప్రభుత్వపు అనుమతులు కావలెనని వారు అప్పుడే తెలిపిరి. పంజరపు తలుపు తీయుటకు శాస్త్రమును, ప్రభుత్వముద్రయు చాలునా, లేక మరియొకరి అనుమతి కూడ కావలెనా అనునది ఇచ్చట ఆలోచింపదగిన ప్రశ్న.

ముందుగా సంగతి ఏమో తెలిసికొనుట మేలు. తెలియని దానిమీద తీర్పు చెప్పుట భక్తి కాదు. ఈ మార్పును తెచ్చినది వోల్బాకియా అను సూక్ష్మజీవి. 1924లో అమెరికాలో హెర్టిగ్, వోల్బాక్ అను పరిశోధకులు క్యూలెక్స్ జాతి దోమలలో దీనిని కనుగొనిరి. కీటకజాతులలో రమారమి సగమునందు ఇది సహజముగానే నివసించుచున్నది. సీతాకోకచిలుకలలో కలదు, మాగిన పండ్లమీద ముసురు చిన్న ఈగలలోను కలదు. డెంగీని మోయు ఏడిస్ ఈజిప్టై దోమలో మాత్రము సహజముగా లేదు. ఆస్ట్రేలియాలో స్కాట్ ఓనీల్, ఆయన సహచరులు అనేక సంవత్సరములు పాటుపడి, సన్నని సూదితో దోమ గ్రుడ్డులోనికి దానిని చొప్పింపగలిగిరి. ఒకసారి చొచ్చిన పిమ్మట అది తల్లినుండి సంతానమునకు సంక్రమించును. అంతేకాదు, ఈ సూక్ష్మజీవిగల మగదోమ అది లేని ఆడదోమతో కూడినచో ఆ గ్రుడ్లు పిల్లలు కావు. అది గల ఆడదోమ ఏ మగదోమతో కూడినను సంతానము నిలుచును. కనుక తరములు గడచినకొలది మనుష్యుడు చేయి వేయకుండగనే ఆ సూక్ష్మజీవి ఊరంతట వ్యాపించును. జన్యువులను కత్తిరించుట, అతుకుట అనునవి ఇందులో లేవు.

పుదుచ్చేరివారు ఆస్ట్రేలియాలోని మోనాష్ విశ్వవిద్యాలయమునుండి గ్రుడ్లు తెప్పించి, స్థానిక దోమలతో తరము వెంబడి తరము జతపరచి, ఈ నేలకు అలవాటుపడిన సంతతులను సిద్ధపరచిరి. సూక్ష్మజీవి రకములు రెండు. ఒకటి పండ్ల ఈగనుండి తీసినది, రెండవది పులిదోమనుండి తీసినది. మొదటిది మండుటెండలకు కొంత బలహీనపడును, రెండవది వేడిని ఎక్కువగా ఓర్చుకొనును. ఈ పద్ధతి ఫలించునా అనుటకు ఇండోనేషియాలోని యోగ్యకర్త పట్టణము సాక్ష్యమిచ్చుచున్నది. ఆ పట్టణమును 24 భాగములుగా విభజించి 12 భాగములలో మాత్రమే దోమలను విడిచిరి. 2021లో ప్రకటింపబడిన ఫలితముల ప్రకారము, విడిచిన చోట డెంగీ 77 శాతమును, ఆసుపత్రి పాలగుట 86 శాతమును తగ్గెను. ఈ తలంపు నిన్నమొన్నటిది కాదు. కోరంగి రేవున ఓడలెక్కి తెలుగువారు కూలికిపోయిన రంగూనుకు సమీపమున ఓక్పో అను గ్రామములో, 1967లోనే లావెన్ అను జర్మను శాస్త్రజ్ఞుడు, జత కుదరని మగదోమలను విడిచి బోదకాలు దోమలను లేకుండ చేసి చూపెను.

ఇట్టి వార్త విన్నప్పుడు భక్తిపరులైన అనేకుల నోట మొదట వచ్చు మాట ఒకటి కలదు. సృష్టికర్త పనిలో మనుష్యుడు చేయి పెట్టవచ్చునా? ఈ భయమును పరిహసింపరాదు. యోబు గ్రంథపు చివరి అధ్యాయములలో దేవుడు సుడిగాలిలోనుండి మాటలాడునప్పుడు, మనుష్యునికి ఎందుకును పనికిరాని అడవి జంతువులనే వరుసగా చూపించును. సృష్టి యావత్తు మనుష్యుని సౌకర్యముకొరకే యున్నదను అహంకారమునకు అది గొప్ప మందు. అయినను ఆదికాండము రెండవ అధ్యాయములో ఆదామునకు తోటను అప్పగించు చోట హెబ్రీ మూలమున రెండు క్రియలున్నవి. 'అబద్' అనగా దున్నుట, సేవించుట కూడ. 'షామర్' అనగా కావలి కాయుట. ఒకే మాటలో సేద్యమును సేవయు ఇమిడియుండుట అనువాదకులను ఎప్పుడును ఇబ్బంది పెట్టు విషయము. ఏ భాషలో చెప్పినను ఒక భాగము జారిపోవును. అయితే తాకకుండుమను అర్థము మాత్రము ఆ రెంటిలో దేనికిని లేదు.

అదిగాక, ఈ దోమ మనుష్యుని చేయి సోకని ప్రాణియు కాదు. దాని పుట్టినిల్లు ఆఫ్రికా. ఓడలలో నిలువచేసిన మంచినీటి పీపాలలో చేరి అది ఖండములు దాటెను. నేడు అది గ్రుడ్లు పెట్టునది ఇంటి తొట్టిలో, పూలకుండి క్రింది పళ్లెములో, పారవేసిన టైరులో, కొబ్బరిచిప్పలో. దాని వాసస్థలమును కట్టియిచ్చినది మనుష్యుడే. అట్టివాడు ఇప్పుడు ఏమియు చేయక ఊరకుండుటను సృష్టిపట్ల గౌరవమని పిలుచుకొనుట సరికాదు. వోల్బాకియా పద్ధతిలో గమనింపదగినది మరియొకటి కలదు. ఇందులో దోమ జాతి నశింపదు. దానినుండి రోగమును మోయు శక్తి మాత్రము తగ్గించబడును. 2018లో లండను ఇంపీరియల్ కళాశాలవారు జన్యువులను మార్చి, పంజరములోని మలేరియా దోమల సంతతిని పూర్తిగా అంతరింపజేసిరి. అది వేరు తరగతికి చెందిన పని. ఒక జాతిని భూమిమీద లేకుండ చేయుటకును, దాని విషమును తీయుటకును భేదమున్నది. ఆ రెంటిని కలిపి ఒకేసారి ఖండించుట గాని మెచ్చుకొనుట గాని తొందరపాటు.

సువార్తలో ప్రభువు పరిసయ్యులను గద్దించుచు దోమను, ఒంటెను ప్రక్కప్రక్కన నిలిపిన సంగతి చదువరులెరుగుదురు. ఇచ్చట ఒంటె ఏది? పుదుచ్చేరిలో ఇదే కేంద్రము 1981 మొదలుకొని ఐదేండ్లు బోదకాలు నివారణ పథకమును నడిపెను. మురుగు పారునట్లు చేసి, నీరు నిలుచు చోట్లను తగ్గించి, ప్రజల సహకారము కూడగట్టి, రోగవ్యాప్తిని తగ్గించిరి. అందులో ఆశ్చర్యకరమైన క్రొత్త ప్రాణి ఏదియు లేదు. పార, తట్ట, ప్రతివారము తిరిగివచ్చు మనుష్యులు, అంతే. క్రొత్త దోమ వచ్చుచున్నది గనుక పాత కాలువను మరచిపోవచ్చునని ఏ పురపాలక సంఘమైనను అనుకొన్నయెడల అది ఒంటెను మ్రింగుటయే. కాని ఈ వాదమునకు ఒక హద్దు కలదు. బోదకాలు దోమ మురికినీటిలో పెరుగును. డెంగీ దోమ శుభ్రమైన నీటిలో, గడప లోపల పెరుగును. కుళాయి ఎప్పుడు వచ్చునో తెలియక బిందెలు, తొట్లు నింపి దాచుకొను పేదరాలిని, నీటిని వారమునకొకసారి పారబోయలేదని నిందించుట సులభము. నీరు దండిగా గలవారికి ఆ నింద మరింత సులభము.

ఇక అసలు చిక్కు. బోదకాలునకు నేటికిని వాడుచున్న డైఇథైల్‌కార్బమజిన్ అను మందు, 1895లో భీమవరమున జన్మించిన యెల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో లెడర్లే సంస్థ పరిశోధనలకు నాయకత్వము వహించిన కాలమున, 1947లో వెలువడెను. ఆరోగ్య కార్యకర్త ఇంటింటికి వచ్చి ఆ మాత్రలను చేతిలో పెట్టును. మ్రింగువాడు మ్రింగును. ఇష్టములేనివాడు తల ఊపి, కార్యకర్త వెళ్లిన పిమ్మట గూటిలో పెట్టి మరచిపోవును. అట్లు చేయుట మంచిది కాదు. అయినను ఆ తిరస్కారమునకు చోటున్నది. దోమ విషయమున ఆ చోటు లేదు. ఒక వీధివారు సరేయని, ప్రక్క వీధివారు వలదన్నను, దోమ ప్రహరీగోడను లెక్కచేయదు. పైగా, విడిచినదానిని తిరిగి పిలుచుట సాధ్యము కాదు.

ఈ దేశమున దోమల పరిశోధన చరిత్రలో సమ్మతి అనునది పలచనిదే. 1897 ఆగస్టులో సికింద్రాబాదులో రోనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని కనుగొన్నప్పుడు, ఆ దోమలకు తన రక్తమిచ్చినవాడు హుస్సేన్ ఖాన్ అను మలేరియా రోగి. కుట్టిన ప్రతి దోమకు అతనికి ఒక అణా చెల్లించిరి. అతడు ఒప్పుకొనెను, నిజమే. జ్వరముతో మంచముపట్టిన పేదవాడు అణా యెదుట ఒప్పుకొనుటను ఎంత దూరము సమ్మతి యనవచ్చునో చెప్పుట కష్టము. రాస్‌కు 1902లో నోబెల్ బహుమానము వచ్చెను.

రెండవ ఉదాహరణము మరింత దగ్గరిది. 1970 దశకపు ఆరంభమున ప్రపంచ ఆరోగ్య సంస్థయు భారత వైద్య పరిశోధన మండలియు కలిసి, అమెరికా నిధులతో, ఢిల్లీలో దోమల జన్యు నియంత్రణ పరిశోధనను నడిపెను. హర్యానాలోని సోనేపత్ పట్టణములో ఏడిస్ దోమలను విడుచుటకు ఏర్పాట్లు జరిగెను. ఇంతలో ఇది విదేశీయుల సూక్ష్మజీవి యుద్ధమునకు ఉపయోగపడు పరిశోధన కాదా అను అనుమానము పత్రికలకెక్కెను. పార్లమెంటు పబ్లిక్ అకౌంట్స్ కమిటీ తీవ్రముగా విమర్శించెను. 1975లో ఆ పని ఆగిపోయెను. అనుమానము న్యాయమైనదైనను కాకున్నను, చెప్పవలసినది ముందుగా చెప్పని చోట అనుమానము వచ్చి కూర్చుండును. ఆ ఏడాదియే పుదుచ్చేరి కేంద్రము ప్రారంభమాయెను. పంజరములు కట్టువారు ఈ కాలక్రమమును మరువరాదు.

పల్లెటూళ్లలో చెరువు తూము ఎత్తుటకు ముందు ఆయకట్టు రైతులను పిలుచుట ఆచారము. పిలిచినంత మాత్రమున అందరును ఏకీభవింపరు. దిగువ పొలమువాడు గొణుగును, ఎగువవాడు తొందరపెట్టును, పొద్దుపోవును. అయినను అతని పొలమున నీరు పారబోవుచున్నది గనుక అతని మాట వినవలెను. దోమల విషయమున వలసినది ఇట్టి పిలుపే. అది అమాయకులకు శాస్త్రము బోధించు సభ కాదు. పొరుగువాడు దేవుని స్వరూపమందు చేయబడినవాడైనచో, అతని మేలుకొరకైనను అతనికి తెలియకుండ అతని పెరటిలో ఏ ప్రాణిని విడుచుట తగదు. అతనికి తమిళములో చెప్పవలెనా, యానాములో తెలుగున చెప్పవలెనా, చదువు రానివానికి బొమ్మలతో చెప్పవలెనా అనునది చిన్న విషయముగా తోచును గాని, సమ్మతి నిలుచునది అచ్చటనే.

ఇంతవరకు చెప్పినదానిని ఆలస్యమునకు సాకుగా తీసికొనువారుందురు. వారికి చెప్పవలసిన మాట వేరు. విడువకుండుట కూడ ఒక నిర్ణయమే. దాని వెలను నిర్ణయించినవారు చెల్లింపరు. ఈశాన్య ఋతుపవనపు వానలు వెలిసిన వారములలో, ప్లేట్‌లెట్ల లెక్క కొరకు పూటపూటకు రక్తపరీక్ష కాగితము చూచుచు బిడ్డ మంచము ప్రక్కన కూర్చున్న తల్లి చెల్లించును. ఆమెను ఎవరును సభకు పిలువలేదు. ఆమె సమ్మతి లేకుండ జరిగిన దానిలో ఈ జాగుకూడ ఒకటి. అనుమతులకు పట్టు కాలమును లెక్కించువారు ఆమెను కూడ ఆయకట్టు రైతులలో ఒకతెగా ఎంచవలెను.

యోగ్యకర్తలో దోమలను ఆకాశమునుండి విడువలేదు. మూతగల చిన్న బకెట్టులో నీరుపోసి, గ్రుడ్లు అంటిన పట్టీని, చేపలకు వేయు మేత కొద్దిగా వేసి, ఇండ్ల పెరటిలో పెట్టిరి. రెండు వారములకొకసారి వచ్చి మార్చిరి. పెరడు ఇచ్చిన ఇంటివారిని అడిగియే పెట్టిరి. పుదుచ్చేరి వీధిలో అట్టి బకెట్టు ఒకటి ఒక ఇంట పెట్టబడిన దినమున, ప్రక్క ఇంటి ఆమె వలదనినయెడల, ఆమె ఇంటికి మరల ఎవరు వెళ్లవలెను, ఎన్ని సారులు వెళ్లవలెను, ఏమి చెప్పవలెను? ఆ రెండు ఇండ్ల నడుమ గోడ నాలుగడుగులు మించదు.